బాబు రిపోర్టులో బీటీకే అని రాశారు, తప్పు నాదేనా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. జీడిపిక్కల పరిశ్రమలో పనికి వెళ్తాను. పెద్దది పాప, ఏడేళ్లు. బాబుకు నాలుగేళ్లు, బరువు 14 కిలోలు. ఏడో నెల నుంచి వాడికి చెవిలో చీము, దగ్గు, జ్వరం తప్పడం లేదు. రెండుసార్లు నెమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చాం. ఈమధ్య విశాఖపట్నంలో పరీక్షలు చేసి, బీటీకే అనే జన్యువులో లోపం ఉందని, ఒంట్లో యాంటీబాడీలు తయారు కావడం లేదని, నాలుగు వారాలకోసారి ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాలని చెప్పారు. నాది మేనరికం, మేనత్త కొడుకునే చేసుకున్నాను. అందువల్లే ఇలా అయిందని ఊళ్లో అంటున్నారు. మా అత్త మాత్రం నా పుట్టింటి రక్తమే మంచిది కాదంటోంది. మా అన్నయ్య రెండేళ్లప్పుడు నెమ్ముతోనే పోయాడని అమ్మ చెప్పేది. మాది ఉద్దానం, ఇన్ని సీసాలు ఎక్కిస్తే కిడ్నీలు పోతాయేమోనని భయంగా ఉంది. ఇదే బీటీకే మీద పనిచేసే క్యాన్సర్ మందు ఒకటి వచ్చిందని మా మరిది ఫోనులో చూశాడు. అది బాబుకు పనికొస్తుందా? మా చెల్లికి పెళ్లి కుదిరింది. ఈ సంగతి చెప్పాలా, దాచాలా?
ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు మీ అత్తగారి మాట తేల్చేద్దాం. ఉత్తరం చదువుతుంటే జబ్బు కంటే ఆ మాటే మిమ్మల్ని ఎక్కువ కుంగదీసినట్టు కనిపిస్తోంది. ఆవిడ మీ నాన్నగారి తోడబుట్టినావిడ. మీ పుట్టిల్లే ఆవిడకూ పుట్టిల్లు. కోడలి పుట్టింటి రక్తాన్ని తిట్టేటప్పుడు ఆ తిట్టు ఏ గడపకు తగులుతోందో ఆవిడ చూసుకున్నట్టు లేదు.

ఇక మేనరికం. మేనరికాల వల్ల వచ్చే జబ్బులు లేవని నేను అనను. ఉన్నాయి, మన జిల్లాల్లో పిల్లల వైద్యులందరూ చూస్తూనే ఉంటారు. కానీ అవి వచ్చే తీరు వేరు. ఒకే జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతులూ చెడితేనే పైకి తేలే జబ్బులవి. ఒకే తాత రక్తం రెండు వైపుల నుంచీ వచ్చినప్పుడు అలా రెండూ చెడినవి కలిసే అవకాశం పెరుగుతుంది. బీటీకే కథ అది కాదు. దీని లోపంతో వచ్చే మీ బాబు జబ్బు పేరు ఎక్స్ లింక్డ్ అగామాగ్లోబ్యులినీమియా. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లకు ఎక్స్‌లు రెండు, మగపిల్లాడికి ఒక్కటే, ఆ ఒక్కటీ తల్లి ఇచ్చిందే. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై క్రోమోజోము, దాని మీద బీటీకే ఉండదు. కాబట్టి మీరు మేనత్త కొడుకును కాక ముక్కూమొహం తెలియని మనిషిని చేసుకున్నా ఈ బాబుకు ఇదే జబ్బు వచ్చేది. మీ భర్త రక్తానికి ఇందులో పాత్ర లేదు.

మరి మీకు ఎక్కడి నుంచి వచ్చింది? మీ రెండు ఎక్స్‌లలో ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. ఈ లోపం ఉన్న మగవాడు మీ నాన్నగారిలా ఆరోగ్యంగా తిరగడం కష్టం, అందుచేత ఆయన వైపు నుంచి కాదు. మీ అన్నయ్య నెమ్ముతో పోవడం చూస్తే మీ అమ్మగారి నుంచి వచ్చి ఉండాలన్నది సబబైన ఊహ. ఆ రోజుల్లో ఎవరూ పరీక్ష చేయలేదు కనుక ఊహ అనే అంటున్నాను. కొన్ని కుటుంబాల్లో ఈ మార్పు అంతకుముందు ఎవరిలోనూ లేకుండా కొత్తగానే పుడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు తిన్న తిండి, చూసిన గ్రహణం, తగిలిన దిష్టి, వీటిలో ఏదీ దీనికి కారణం కాదు.

లోపం మీలో ఉంటే మీకెందుకు జబ్బు రాలేదని అడుగుతారేమో. స్త్రీ శరీరంలో ప్రతి కణమూ తనకున్న రెండు ఎక్స్‌లలో ఒకదాన్నే వాడుకుని రెండోదాన్ని మూసిపెడుతుంది. యాంటీబాడీలు చేసే బి కణాల్లో చెడిన ఎక్స్‌ను ఎంచుకున్నవి మీ ఎముక మూలుగలో పెరగలేక మధ్యలోనే పోతాయి. మంచి ఎక్స్‌ను ఎంచుకున్నవి మాత్రమే రక్తంలోకి వస్తాయి. అందుకే మీ యాంటీబాడీలకు ఏ లోటూ ఉండదు.

ఇప్పుడు ఆ బీటీకే చేసే పని. బి కణాలంటే యాంటీబాడీలు తయారుచేసే వర్గం. ఆ కణం పైపొర మీద ఒక గ్రాహకం ఉంటుంది. సూక్ష్మజీవి దానికి తగిలినప్పుడు ఆ కబురు కణం లోపలికి, కేంద్రకం దాకా చేరాలి. కబురు దానంతట అది పోదు, ఒక ప్రోటీను నుంచి ఇంకో ప్రోటీనుకు చేతులు మారుతుంది. గ్రాహకం దగ్గర లిన్, సిక్ అనే రెండు ప్రోటీన్లు ముందుగా కదులుతాయి. బీటీకే జన్యువు నుంచి తయారయ్యే ప్రోటీను పేరూ బీటీకేనే, 659 అమైనో ఆమ్లాల పొడవున్న అది పొర లోపలివైపు వచ్చి అతుక్కుంటుంది. దానిలో 551వ స్థానంలో ఉన్న టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ఫాస్ఫేటు తగిలించగానే అది మేలుకుంటుంది. మేలుకున్న బీటీకే పీఎల్‌సీ గామా 2 అనే ఎంజైమును లేపుతుంది, ఆ ఎంజైము వల్ల కణంలో దాగిన కాల్షియం బయటపడుతుంది. కాల్షియం పెరిగితేనే కణానికి బతకాలి, పెరగాలి, రెండుగా చీలాలి అన్న ఆజ్ఞ అందినట్టు. వంశధార ఎడమ కాలువ శివారు రైతుల కష్టం మీ వైపు వాళ్లకు కొత్త కాదు. గొట్టా బ్యారేజీలో నీళ్లున్నా నడుమ ఒక తూము తలుపు లేవకపోతే కింది పొలాలకు చుక్క దిగదు. మీ బాబులో మూతపడింది అలాంటి నడిమి తూమే. పైన గ్రాహకం బాగానే ఉంది, కింద మిగతా జన్యువులూ బాగానే ఉన్నాయి.

ఈ కబురు అవసరం సూక్ష్మజీవి ఎదురైనప్పుడే మొదలవుతుందనుకోకండి. ఎముక మూలుగలో బి కణం ఇంకా సగం తయారై ఉండగానే, అరకొర గ్రాహకం ద్వారా ఈ కబురే అందాలి. అందకపోతే ఆ దశలోనే రాలిపోతుంది. మీ దగ్గరున్న రిపోర్టులో సీడీ19 అన్న వరుస చూడండి. బి కణాల లెక్క అదే. ఈ పిల్లల్లో అది 2 శాతం లోపే ఉంటుంది, చాలామందిలో దాదాపు సున్నా. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీ రకాలు మూడూ తక్కువగా కనిపించడానికి మూలం అక్కడుంది. టి కణాలకు మాత్రం బీటీకే అవసరం లేదు కాబట్టి రోగనిరోధక శక్తిలో ఆ సగం బాబుకు చెక్కుచెదరలేదు.

ఏడో నెల నుంచే ఎందుకు మొదలైందో కూడా చెబుతాను. కడుపులో ఉండగా మాయ ద్వారా మీ ఐజీజీ బాబు రక్తంలోకి వెళ్లింది. పుట్టాక ఆరు నెలల దాకా వాడిని కాపాడింది అదే. అది అరిగిపోయి, వాడి సొంతది రాకపోవడంతో చెవులు, ఊపిరితిత్తులు దొరికిపోయాయి. మీ నుంచి వాడికి అందింది లోపం ఒక్కటే కాదన్నమాట.

ఇంట్లోనే చూడదగ్గ గుర్తు ఒకటుంది. పాపను, బాబును పక్కపక్కన కూర్చోబెట్టి నోరు తెరిపించి, గొంతులోకి ఫోను లైటు వేసి చూడండి. పాప గొంతులో కొండనాలుకకు రెండు పక్కలా టాన్సిల్స్ గుండ్రంగా తెలుస్తాయి. బాబుకు అక్కడ దాదాపు నున్నగా ఉంటుంది. టాన్సిల్స్ నిండా ఉండేవి చాలావరకు బి కణాలే, అవి లేనప్పుడు టాన్సిల్స్ ఎక్కడి నుంచి వస్తాయి? మెడ కింద బిళ్లలూ చేతికి తగలవు. ఇన్నిసార్లు జబ్బుపడిన పిల్లాడికి గొంతు ఇంత శుభ్రంగా ఉండటం చూసి అనుమానించాల్సింది. ఎన్నో ఊళ్లలో ఆ చెంచాతో నాలుక నొక్కి చూసే పనే జరగకుండా సిరప్ రాసేస్తారు.

ఈ జబ్బును మొదట వివరించింది 1952లో, అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్. ఆయన చూసిన ఎనిమిదేళ్ల అబ్బాయికి నాలుగేళ్లలో 19 సార్లు రక్తంలో విషం చేరేంత తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వచ్చాయి. రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూస్తే యాంటీబాడీలు ఉండే గామా గ్లోబ్యులిన్ వరుస ఖాళీగా ఉంది. లేనిదాన్ని బయటి నుంచి నెలనెలా ఇస్తే పిల్లాడు కోలుకున్నాడు. జన్యువు దొరకడానికి మాత్రం 1993 దాకా పట్టింది. ఆ ఏడాది యూరప్‌లో ఒక బృందం, అమెరికాలో ఒక బృందం విడివిడిగా దాన్ని పట్టుకున్నాయి. బీటీకేలో బీ అక్షరం బ్రూటన్ పేరు. చూడండి, కారణం తెలియడానికి 40 ఏళ్ల ముందే వైద్యం దొరికింది, నేటికీ మూలసూత్రం అదే.

ఆ వైద్యం సంగతి. వేలమంది రక్తదాతల ప్లాస్మా నుంచి తీసిన ఐజీజీ అది. మామూలు మోతాదు కిలోకు 400 నుంచి 600 మిల్లీగ్రాములు. మీ బాబు బరువుకు ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర గ్రాముల మధ్య వస్తుంది. బరువు పెరిగేకొద్దీ మోతాదూ పెరగాలి, నాలుగేళ్లప్పుడు రాసిన చీటీనే ఏడేళ్లకూ పట్టుకుని తిరగకూడదు. ఎక్కించిన ఐజీజీలో సగం సుమారు మూడు వారాల్లో కరిగిపోతుంది. అందుకే మూడు నాలుగు వారాల గడువు. మళ్లీ ఎక్కించే రోజున, సీసా పెట్టకముందే రక్తం తీసి ఐజీజీ ఎంత మిగిలిందో చూడమనండి. మోతాదు సరిపోతోందా లేదా అన్నది ఆ అంకె తేలుస్తుంది.

ఇక్కడే తల్లిదండ్రులు తప్పటడుగు వేస్తారు. రెండు మూడు నెలలు ఎక్కించాక పిల్లాడు చెంగుచెంగున ఎగురుతుంటాడు. పిక్కల సీజను, ఒక రోజు మానితే కూలి పోతుంది, వాడు బాగానే ఉన్నాడు కదా, ఈ నెలకు వదిలేద్దాం అనిపిస్తుంది. వదలకండి. వాడు బాగున్నది మందు వల్లే. నెమ్ము చేసిన ప్రతిసారీ ఊపిరితిత్తుల గొట్టాలు కొంత సాగి, వదులై, అందులో కఫం నిలవ ఉండిపోతుంది. అలా ఒకసారి పాడైనది వెనక్కి రాదు. ఈ పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉంటారన్నది చాలావరకు చిన్నప్పుడు ఎన్ని నెమ్ములు తప్పించామన్న దాని మీదే ఉంటుంది. క్రమంగా వైద్యం అందినవాళ్లు చదువుకుని, ఉద్యోగాలు చేసుకుంటూ, పెళ్లాడి బతుకుతున్నారు. ప్రతిసారీ విశాఖ వెళ్లడం భారమైతే అక్కడి డాక్టరుతో మందు పేరు, మోతాదు, ఎంత వేగంతో ఎక్కించాలో రాయించుకుని, శ్రీకాకుళంలోని పెద్దాసుపత్రిలో పెట్టగలరేమో అడగండి. వారానికోసారి చర్మం కింద ఇచ్చే రకం కూడా ఉంది, నేర్చుకుంటే ఇంట్లోనే ఇవ్వవచ్చు. ఎముక మూలుగ మార్పిడి గురించి ఎవరైనా చెబితే తొందరపడకండి. ఐజీజీతో బాగుండే జబ్బుకు మామూలుగా అంత ప్రమాదం తలకెత్తుకోరు.

కిడ్నీల భయం ఉద్దానం మనిషికి ఉండకపోతేనే ఆశ్చర్యం. మీ చుట్టుపక్కల డయాలసిస్‌కు వెళ్లే మనిషి లేని వీధి ఉండదు. ఆ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు గట్టిగా తేలలేదు, కానీ సెలైన్లు ఎక్కించుకోవడం వల్ల వచ్చింది మాత్రం కాదు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌తో కిడ్నీలకు ఇబ్బంది కలిగిన సందర్భాలు లేకపోలేదు. అవి ఎక్కువగా మందు నిలవ ఉండటానికి సుక్రోజ్ అనే చక్కెర కలిపిన రకాలతో, ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లలో, ముందే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో వచ్చాయి. కాబట్టి సుక్రోజ్ లేని మందు కావాలని అడగండి. ముందురోజు నుంచి బాబుతో నీళ్లు బాగా తాగించండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష అప్పుడప్పుడు చేయించండి. సీసా నెమ్మదిగా పెట్టమనండి, బస్సు వెళ్లిపోతుందని వేగం పెంచమని మీరే నర్సును తొందరపెట్టకండి. చలి, తలనొప్పి, జ్వరం వంటివి ఎక్కువగా వేగం వల్లే వస్తాయి.

మన ఊళ్లలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సింది వైడల్ పరీక్ష. జ్వరం అనగానే రక్తం తీసి వైడల్ చేసి టైఫాయిడ్ అవునో కాదో చెప్పేస్తారు. ఆ పరీక్ష వెతికేది రోగి తయారుచేసిన యాంటీబాడీలను. మీ బాబు తయారుచేయడు. కాబట్టి నిజంగా టైఫాయిడ్ ఉన్నా లేదని రావచ్చు. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించాక దాతల యాంటీబాడీలు వాడి రక్తంలో ఉంటాయి, అప్పుడు లేని జబ్బు ఉన్నట్టు రావచ్చు. యాంటీబాడీల మీద ఆధారపడిన ఏ పరీక్షకైనా ఇదే గతి. సూక్ష్మజీవినే నేరుగా వెతికే కల్చర్ వంటి పరీక్షలు కావాలి. జ్వరం వచ్చిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి, జబ్బు పేరున్న కాగితం ముందు చేతిలో పెట్టండి, తర్వాత మాట్లాడండి.

పోలియో చుక్కలు బాబుకు ఇక వద్దు. అందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. యాంటీబాడీలు లేని పిల్లాడి పేగుల్లో అది నెలల తరబడి మకాం వేసి, రూపు మార్చుకుని పక్షవాతం తెచ్చే ప్రమాదం ఉంది. మీది ఉమ్మడి కుటుంబమై, తోటికోడలికి ఐదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లకూ చుక్కల బదులు ఇంజక్షన్ పోలియో టీకా వేయించండి, ఎందుకంటే చుక్కలు వేసుకున్న పిల్లల మలంలో ఆ వైరస్ కొన్నాళ్లు బయటికి వస్తుంది. వేలి మీద సిరా గుర్తు లేదని ఆశా కార్యకర్త ఇంటిదాకా వస్తుంది. అది ఆమె విధి, ఆమె మీద విసుక్కోకుండా డాక్టరు చీటీ చూపించండి. పసితనంలో వేసిన చుక్కల వైరస్ ఇంకా ఉందేమో మలం పరీక్ష అవసరమా అని మీ డాక్టరును అడగండి. జియార్డియా అనే పేగుల పరాన్నజీవి కూడా ఈ పిల్లలను తేలిగ్గా వదలదు, తాగేనీళ్లు కాచి ఇవ్వండి.

మీ మరిది చూసింది అబద్ధం కాదు, తలకిందులుగా అర్థం చేసుకున్నాడు. ఆ మందు ఇబ్రూటినిబ్. కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో బి కణాలు అదుపు లేకుండా పెరగడానికి ఈ బీటీకే కబురే ఊతం. ఇబ్రూటినిబ్ ఆ ప్రోటీనులో 481వ స్థానంలోని సిస్టీన్‌ను పట్టుకుని, ఇక వదలకుండా దాని పని ఆపేస్తుంది. 2013 నవంబరులో అమెరికాలో మొదట ఒక రకం లింఫోమాకు దీన్ని అనుమతించారు. క్యాన్సర్ రోగిలో బీటీకే పనిచేయడమే ఇబ్బంది, మీ బాబులో పనిచేయకపోవడం ఇబ్బంది. ఆ మాత్ర బాబుకు మేలు చేసే దారే లేదు. జన్యువునే సరిచేసే చికిత్స ఇంకా పరిశోధనల్లోనే ఉంది, అది ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

ఖర్చు మాట మీరు అడగలేదు, కానీ జీడి పరిశ్రమ కూలితో ఈ మందు కొనడం అయ్యే పని కాదు. కేంద్రం 2021లో ప్రకటించిన అరుదైన వ్యాధుల విధానంలో ఐజీజీ అవసరమైన ఈ జబ్బు పేరు ఉంది. గుర్తించిన కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల వరకు సాయం చేసే వీలుంది. తెలుగువాళ్లకు దగ్గరి కేంద్రం హైదరాబాద్‌లో, నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి నడిపేది. మీ విశాఖ డాక్టరుతో అక్కడికి ఉత్తరం రాయించుకోండి. పేరు నమోదయ్యే దాకా వైద్యం ఆపకండి.

చివరిగా చెల్లి పెళ్లి. దాచమని నేను చెప్పను. అలాగని పెద్దలందరినీ కూర్చోబెట్టి పంచాయితీ పెట్టమనీ చెప్పను. ముందు చెల్లికి చెప్పండి, ఆమెకొక్కదానికే. మీ అమ్మగారిలో ఈ లోపం ఉంటే చెల్లికి వచ్చే అవకాశం సగానికి సగం. రక్తపరీక్షతో తేలుతుంది. లేదని వస్తే ఆ కథ అక్కడితో సరి. ఉందని వస్తే ఆమె ఆరోగ్యానికి ఢోకా లేదు, పుట్టే మగపిల్లల్లో సగం మందికి జబ్బు, ఆడపిల్లల్లో సగం మందికి లోపం వచ్చే వీలుంటుంది. మీకు మరో కాన్పు వచ్చినా ఇదే లెక్క. పెళ్లికొడుకుకు చెప్పాల్సింది చెల్లి, ముహూర్తానికి ముందే. డాక్టరు ఎదురుగా చెబితే మాట వక్రం కాకుండా ఉంటుంది. పెళ్లయ్యాక బయటపడితే మీరిప్పుడు పడుతున్న మాటలే రేపు ఆమె పడుతుంది. గర్భంలో ఉండగానే బిడ్డకు పరీక్ష చేయించుకునే వీలుంది. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టమే, ఇలా ఎక్స్‌తో సంక్రమించే జబ్బుల కోసం నమోదైన కేంద్రాల్లో పరీక్షను అనుమతిస్తుంది. అది వద్దనుకుంటే, మగపిల్లాడు పుట్టిన వెంటనే బి కణాల లెక్క చూపిస్తే చాలు, మొదటి నెమ్ము రాకముందే వైద్యం మొదలుపెట్టవచ్చు. అప్పుడు ఐజీజీ చూసి మోసపోవద్దు, అది తల్లిది.

మీ పాపకు ఇప్పుడే పరీక్ష వద్దు. దానివల్ల ఈ వయసులో ఆమెకు ఒరిగేదేమీ లేదు, ఊళ్లో పేరు పడటం తప్ప. పెద్దయ్యాక తనకు తెలియజెప్పి, చేయించుకోవాలో వద్దో తననే తేల్చుకోనివ్వండి.

చెల్లి పరీక్షకు వెళ్లేటప్పుడు బాబు జన్యు రిపోర్టు నకలు వెంట పంపండి. అందులో బీటీకే పేరు పక్కన సీ అనే ఇంగ్లిషు అక్షరం, చుక్క, ఆ తర్వాత అంకెలు ఉన్న వరుస ఒకటి ఉంటుంది. లోపం జన్యువులో సరిగ్గా ఎక్కడుందో చెప్పే చిరునామా అది. ఆ వరుస చేతిలో ఉంటే ల్యాబ్‌వాళ్లు ఆ ఒక్క చోటే చూస్తారు. లేకపోతే జన్యువంతా వెతకాలి, డబ్బూ ఎక్కువే, రోజులూ ఎక్కువే.